కోటిలింగం ఆపనివ్వని మెషీను

కోటిలింగానికి భయం పుట్టుకతోనే వచ్చింది. మద్రాసు చింతాద్రిపేటలో, ఒకప్పుడు ఇంటింటా మగ్గం ఆడిన వీధిలో పుట్టాడు. అతను పుట్టేనాటికి మగ్గం పోయింది, నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంట మిగిలింది. ఇంట్లోవాళ్లు దాని మీద చెక్కలు పరిచి బియ్యం డబ్బాలు పెట్టుకున్నారు. ఆ చెక్కలు విరిగి గుంటలో పడిపోతానేమోనని పన్నెండేళ్లు వచ్చేదాకా అతను గోడవారనే నడిచాడు. నలభై ఎనిమిదేళ్లు వచ్చాక కూడా కదిలే బస్సు ఎక్కి ఎరగడు. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చిన రోజులకు లెక్కలేదు.

పిరికివాణ్ణి చూసి నవ్వడం లోకానికి అలవాటు. నాకు మాత్రం నవ్వు రాదు. ధైర్యవంతుడి చేతికిచ్చిన గొడుగు నెల తిరక్కుండా విరుగుతుంది. భయస్తుడి చేతికిచ్చిన గొడుగు మనవడి దాకా వస్తుంది. కోటిలింగం చేతిలో ఇరవై ఏళ్ల పాటు టెలిప్రింటర్లు అలా బతికాయి. జార్జిటౌనులో అతను పనిచేసే కంపెనీ హెడ్డాఫీసు ఉంది, ఊరి చివర మనలిలో ఆ కంపెనీకి కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ ఉంది. రెండింటి మధ్యా టెలిప్రింటర్ల మీద కబుర్లు నడిచేవి. ఆ మెషీన్లు చూసుకునేవాళ్లు ఏడుగురు. తొంభై అయిదులో కంపెనీ టెలిప్రింటర్లు తీసేసి కంప్యూటర్లు పెట్టింది. ఏడుగురిలో ఆరుగురికి స్వచ్ఛంద విరమణ ఇచ్చింది. స్వచ్ఛందం కంపెనీది, విరమణ మనుషులది.

మిగిలిన ఏడోవాడు కోటిలింగం. అతనేదో మొనగాడని మిగల్లేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఇంగ్లీషు అంటే ఉన్న భయాన్ని మించిపోయి, తనకు కొత్త మెషీను పని నేర్పించమని తనే వెళ్లి అడిగాడు. ఆరువారాల ట్రైనింగులో కుర్రవాళ్ల మధ్య కూర్చుని, చెప్పిన ప్రతి కమాండునూ రెండొందల పేజీల నోటుబుక్కులో రాసుకున్నాడు. కమాండు ఇంగ్లీషులో, దాని పక్కన అర్థం తెలుగులో.

ఆ కొత్త మెషీను పేరు రౌటరు. చూడటానికి చీరలు పెట్టే అట్టపెట్టె అంత ఉంటుంది. హెడ్డాఫీసు కంప్యూటర్ల మాటలు టెలిఫోను శాఖవారి తీగ మీదుగా మనలికి చేర్చడం, అక్కడి మాటలు ఇక్కడికి తేవడం దాని పని. ఏ మాట ఏ దారిన పోవాలో మనిషి కూర్చుని దానికి కమాండ్లు కొట్టి చెప్పాలి. ఇందులో ఒక మెలిక ఉంది. కొట్టిన కమాండ్లను మెషీను వెంటనే అమలు చేస్తుంది గానీ, సేవ్ చెయ్యమని విడిగా చెబితే తప్ప దాచుకోదు. సేవ్ చెయ్యనిది పలక మీది సుద్దరాత. కరెంటు పోయిందంటే చెరిగిపోతుంది, మెషీను మళ్లీ లేచేటప్పుడు ఎప్పుడో దాచుకున్న పాత పాఠమే చదువుతుంది.

కథంతా ఈ మెలికలోనే ఉంది.

తొంభై ఏడు సెప్టెంబరులో మనలి ఫ్యాక్టరీలో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాత అడ్రసులన్నీ మార్చి, లైను కొత్తగా కట్టాలి. రౌటరు అమ్మిన కంపెనీ నుంచి శరత్‌చంద్ర అనే ఇంజనీరు వచ్చాడు. గుంటూరు కుర్రాడు, టి. నగర్‌లో వాళ్లాఫీసు. మూడు రోజులు కూర్చుని టకటకా కొట్టేశాడు. అతని వేళ్ల వేగానికి కోటిలింగం నోటుబుక్కు సగం దాకా పరుగెత్తి, ఆపైన చతికిలబడింది. మూడోరోజు సాయంత్రం పని అయింది, మనలి పలికింది.

వెళ్తూ వెళ్తూ శరత్‌చంద్ర అన్నాడు: "ఇప్పుడే సేవ్ చేయొద్దండి. ఒక్కరోజు చూడండి. ఏమైనా తేడా వస్తే ఆపి మళ్లీ ఆన్ చేశారంటే పాతది వచ్చేస్తుంది, గొడవుండదు. రేపు అంతా బావుంటే పాస్‌వర్డు మార్చేసి, సేవ్ కొట్టేయండి."

సలహా మంచిదే. అయితే పని పూర్తయినట్టు ఒక ఫారం ఉంటుంది. అందులో 'సేవ్ చేయబడినది' అనే గడి ఒకటి ఉంది. సిస్టమ్స్ మేనేజరు మృణాళినికి ఆ ఫారం ఆ సాయంత్రమే కావాలి. రేపు చేసేదే కదా అని కోటిలింగం ఆ గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాడు. జీవితంలో ఒకే ఒక్కసారి చెయ్యని పనికి సంతకం పెట్టాడు మహానుభావుడు, అదీ ఇరవై నాలుగ్గంటల అప్పుకి.

మరునాడు అంతా సవ్యంగా ఉంది. పాస్‌వర్డు మార్చడానికి కూర్చున్నాడు. ఎవరూ ఊహించలేనంత పొడుగాటి పాస్‌వర్డు ఒకటి రాత్రే ఆలోచించి పెట్టుకున్నాడు. అది కొట్టేటప్పుడు తెర మీద కనిపిస్తుంది. వెనక ఎవరైనా చూస్తున్నారేమోనని మెడ తిప్పి తలుపువైపు చూస్తూ కొట్టాడు. కొట్టీ కొట్టగానే, తను కూడా సరిగా చూసుకోకముందే, తెర తుడిచేశాడు. ఎవరో నడిచి వస్తున్న చప్పుడైతే, సేవ్ చెయ్యకముందే లాగౌటై మెషీను లోపలి నుంచి బయటికి కూడా వచ్చేశాడు. వచ్చింది టీ కప్పు పట్టుకుని మునిరాజు, ఆఫీసు అటెండరు. అతనికి ఇంగ్లీషు అక్షరం రాదు.

టీ తాగి, సేవ్ చేద్దామని మళ్లీ పాస్‌వర్డు కొట్టాడు. మెషీను ఒప్పుకోలేదు. ఇంకోసారి కొట్టాడు. ఒప్పుకోలేదు. మూడోసారి ఒక్కొక్క అక్షరం వేలితో నొక్కి నొక్కి కొట్టాడు. తలుపువైపు చూస్తూ కొట్టినప్పుడు ఏ వేలు ఎక్కడ జారిందో తెలిసేదెలా? దొంగ రాకుండా వేసిన తాళం ఇంటాయననే బయట నిలబెట్టింది.

కోటిలింగానికి ట్రైనింగులో నేర్చుకున్నదంతా ఒక్క క్షణంలో గుర్తొచ్చింది. లోపలికి పోతే తప్ప సేవ్ చెయ్యడం కుదరదు. పాస్‌వర్డు లేనిదే లోపలికి పోలేడు. మెషీనును ఆపి ఆన్ చేస్తే పాత పాస్‌వర్డు తిరిగి వస్తుంది గానీ శరత్‌చంద్ర మూడు రోజుల పని మొత్తం ఎగిరిపోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మధ్యలో 'సేవ్ చేయబడినది' అన్న ఫారం మీద తన సంతకం.

శరత్‌చంద్రకు ఒక్క ఫోను చేసుంటే సరిపోయేది కదా అని మీరు అడుగుతారు. చెయ్యబోయాడు. రెండుసార్లు రిసీవరు ఎత్తాడు. వాళ్లు రావాలంటే మృణాళిని మేడమ్ సంతకంతో కాగితం పోవాలి. ఆమె ఎందుకని అడుగుతుంది. సేవ్ చెయ్యలేదని చెప్పాలి. మరి సంతకం? రెండో విడత విరమణ జాబితా తయారవుతోందని క్యాంటీనులో అనుకుంటున్నారు. ఇంటి దగ్గర భార్య కస్తూరి, ప్లస్ టూ చదివే కూతురు ఆశ, చింతాద్రిపేట ఇంటి అద్దె. రిసీవరు పెట్టేశాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడు.

అక్కణ్ణుంచి అతని బతుకు ఆ పెట్టె చుట్టూ తిరిగింది. కరెంటు ఒక్క క్షణం పోతే చాలు, కొత్తగా కట్టిన మనలి లైను చచ్చిపోతుంది. ఎందుకు చచ్చిందో మేడమ్ చూస్తుంది. యూపీఎస్ ఉందనుకోండి. కానీ దాని బ్యాటరీలు పాతవి. అతను తన డబ్బుతో డిస్టిల్డ్ వాటర్ కొనుక్కొచ్చి బ్యాటరీల్లో పోశాడు. ప్లగ్గు కదలకుండా గోడకు టేపు అంటించాడు. ఊడ్చే అలమేలును ఆ గదిలోకి రానివ్వకుండా తనే చీపురు పట్టాడు. మధ్యాహ్నం అందరూ క్యాంటీనుకి పోతే, టిఫిను డబ్బా తెరిచి రౌటరు ముందు పెట్టుకుని కూర్చునేవాడు. అన్నం అలాగే తిరిగి ఇంటికి పోయేది.

సెప్టెంబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం వాన వచ్చి నలభై నిమిషాలు కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమని కూత మొదలుపెట్టింది. దాని మీద నాలుగు దీపాలుంటాయి, బ్యాటరీ తగ్గేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతాయి. మొదటిది ఆరింది. రెండోది ఆరింది. కోటిలింగం పరుగెత్తి పక్కగదుల్లో ఆ యూపీఎస్ మీద నడిచే కంప్యూటర్లన్నీ ఎవరినీ అడక్కుండా ఆపేశాడు. టైపు చేస్తున్న అమ్మాయి ఒకతె అరిచింది. మూడోది ఆరింది. అతను కుర్చీలో కూలబడి, చొక్కా తడిసి ఒంటికంటుకుపోయి, నాలుగో దీపం కేసి చూస్తూ చింతాద్రిపేట ఆదికేశవుడికి మొక్కుకున్నాడు. కరెంటు వచ్చింది. మునిరాజు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు.

"ఏమి సార్, ఒంట్లో బాగలేదా?"

"ఏమీ లేదప్పా. ఆడ కిటికీ మూసేయి, జల్లు పడతా ఉంది."

మునిరాజుకి యాభై దాటాయి. పదకొండేళ్లుగా ఆ ఆఫీసులో ఉన్నాడు, పదకొండేళ్లూ కాంట్రాక్టు మీదే. దీపావళికి ముగ్గురిని పర్మనెంటు చేస్తారని, అందులో తన పేరుందని అతనికి తెలిసింది. ఆ సంగతి చెప్పింది కోటిలింగమే. సిఫారసు కాగితం మీద మొదటి సంతకం కూడా అతనిదే. మునిరాజు దృష్టిలో కోటిలింగం సార్ మనిషి కాదు, దేవుడు. దేవుడు రోజురోజుకీ చిక్కిపోతుంటే భక్తుడు ఊరుకుంటాడా?

అక్టోబరు వచ్చింది. అక్టోబరుతో ఆయుధపూజ వచ్చింది.

మద్రాసులో ఆయుధపూజ అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరు పేరు చెన్నై అని మార్చారు గానీ ఈ ఆచారాన్ని మార్చేవాడు ఇంకా పుట్టలేదు. ఆటో నుంచి అచ్చు మెషీను దాకా, సుత్తి నుంచి కంప్యూటరు దాకా, మనిషికి అన్నం పెట్టే ప్రతి పనిముట్టునూ ఆ రోజు ఆపి, తుడిచి, గంధం కుంకుమ పెట్టి, విశ్రాంతి ఇవ్వాలి. విజయదశమినాడు మంచి వేళ చూసి మళ్లీ మొదలుపెట్టాలి. ఆపకుండా పూజ చేస్తే అది పూజే కాదు. ఆఫీసుల్లో ముందురోజే చేసేస్తారు. ఆ ఏడు గురువారం మధ్యాహ్నం పూజ, శుక్రవారం సెలవు, శనివారం మళ్లీ ఆఫీసు.

పూజ పనులు ఏటా మునిరాజువే. సోమవారమే వచ్చి నిలబడ్డాడు. "సార్, ఈ మిషన్‌కి పోయిన యేడు గూడా పూజ లేదు. పోయిన యేడు ఏదో టెస్టింగు అన్నారు. ఈ యేడన్నా ఒక గంట నిలిపి ఇస్తారా?"

కోటిలింగం మెషీనుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "వద్దు. దాన్ని ముట్టొద్దు."

"అన్నిటికీ చేసి దీనికి ఒకదానికీ చెయ్యకపోతే ఎట్ల సార్?"

"వద్దంటే వద్దప్పా! మనలిలో మెషీన్లు సెలవునాడు గూడా నడుస్తాయి. దీన్ని నిలిపితే ఆడ ప్రమాదం." ఇది అబద్ధం. మనలిలో లారీల గేట్ పాసులు తప్ప దీని మీద నడిచేది ఏమీ లేదు. కానీ అబద్ధం ఒకటి మొదలయ్యాక రెండోది వెతుక్కోనక్కర్లేదు, అదే వస్తుంది.

గురువారం పూజ జరిగింది. అరటి పిలకలు కట్టారు. కంప్యూటర్లన్నీ గంధం బొట్లతో బుద్ధిగా కూర్చున్నాయి. గుమ్మం ముందు మునిరాజు బూడిద గుమ్మడికాయ తిప్పి దిష్టి తీస్తూ, "ఈ ఆఫీసు మీద ఏ దొంగ కన్ను పడినా పోవాల" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కోటిలింగం ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. కాయ పగిలింది. అందరికీ మరమరాలు, శనగలు పంచారు. రౌటరు గది తలుపుకి కోటిలింగం తమిళంలోనూ ఇంగ్లీషులోనూ 'ముట్టరాదు' అని రాసి అట్ట కట్టాడు. అయిదింటికి అందరితో పాటు బయటికి వచ్చాడు.

శుక్రవారం ఇంట్లో కూర్చున్నాడు. ఆశ పుస్తకాలు పూజలో పెట్టింది. కస్తూరి కుట్టుమిషనుకి బొట్టు పెట్టింది. "మీ పనిముట్టు ఏది? నోటుబుక్కు ఇయ్యండి, దానికి పెడతాను" అంది. అతను ఇచ్చాడు. ఆమె దాని మీద కుంకుమ పెడుతుంటే ఎందుకో అతనికి కళ్లు చెమర్చాయి. ఆమె చూసింది, అడగలేదు. అడిగితే చెప్పేసేవాడే.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకే ఆఫీసులో ఉన్నాడు. రౌటరు గది తలుపుకి అట్ట అలాగే ఉంది. తలుపు తీశాడు.

మెషీను మీద మూడు గంధం చారలు, నడుమ కుంకుమబొట్టు, పైన ఒక తెల్లచామంతి.

కోటిలింగం గుమ్మంలోనే నిలబడిపోయాడు. మెషీను దీపాలు వెలుగుతున్నాయి. మనలి లైను దీపం మాత్రం వెలగడం లేదు. తెర ముందు కూర్చుని, పాత పాస్‌వర్డు కొట్టాడు. నెల రోజులుగా తెరుచుకోని తలుపు ఒక్క దెబ్బకి తెరుచుకుంది. లోపల ఏముంది? పోయినేటి పాత అడ్రసులు. శరత్‌చంద్ర కొట్టిన వరసల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు.

నోటుబుక్కు తీసి, ఉన్న సగం కొట్టడం మొదలుపెట్టాడు. రాసుకున్నంతా కొట్టాక తరవాతివి లేవు. తొమ్మిదింటికి మనలి నుంచి ఫోను వచ్చింది. పండగ మర్నాడు కదా, గేటు దగ్గర పద్నాలుగు లారీలు నిలబడి ఉన్నాయి, గేట్ పాసు ఒక్కటీ అచ్చవడం లేదు. తొమ్మిదింపావుకి జనరల్ మేనేజరు మృణాళినిని పిలిచాడు. తొమ్మిదిన్నరకి ఆమె రౌటరు గదిలో ఉంది.

మృణాళినికి ముప్పై అయిదుంటాయి. వాళ్లది టి. నగర్‌లో మూడు తరాలుగా ఉంటున్న కుటుంబం, అందరూ మేష్టర్లు. తొందరగా మాట్లాడుతుంది, తొందరగా నిర్ణయిస్తుంది. ఆమె చూపు నేరుగా కుంకుమబొట్టు మీద పడింది.

"ఎన్న సార్ ఇది? దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

మునిరాజు ముందుకు వచ్చాడు. దాక్కోలేదు. "నేనే మేడమ్. గురువారం సారు ఇంటికి పొయ్యినాక నిలిపినాను. పొడిగుడ్డతోనే తుడిచినాను, నీళ్లు తగల్లేదు. ఈ పొద్దు మంచి వేళ చూసి మళ్లీ ఏసినాను."

"బోర్డు చూడలేదా? సార్ వద్దని చెప్పలేదా?"

"చెప్పినారు మేడమ్."

"మరి ఎవరు చెయ్యమన్నారు నిన్ను? పదకొండేళ్ల సర్వీసు, ఇదేనా నేర్చుకున్నది? కింద కాంట్రాక్టరు ఉన్నాడు, నేను ఫోన్ చేస్తాను. సోమవారం నుంచి నువ్వు రావద్దు. తాళాలు ఈడ పెట్టేయి."

దీపావళి ఇంకో ఇరవై రోజులుంది. మునిరాజు నడుముకున్న తాళాలగుత్తి విప్పాడు. ముడి బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. గుత్తి బల్ల మీద పెట్టి, మేడమ్ వైపు కాదు, కోటిలింగం వైపు తిరిగి చేతులు జోడించాడు.

"సార్, మీ మిషన్‌ని నేను చంపేసినాను. మన్నించండి సార్. నెల దినాలుగా మీ మొగం చూస్తా ఉండాను, కళ లేదు. అన్నం తినేది లేదు. ఎప్పుడు చూసినా దీని ముందరే కూచోని ఉంటారు. రెండేండ్లుగా పూజ లేని ఆయుధం, అది మీ మీద కోపం పెట్టుకున్నాదని అనుకొన్నాను. మీ పేరు చెప్పి దీపం పెట్టినాను సార్."

ఇక్కడ నాకు కోటిలింగం మీద కోపం వస్తుంది. దాచను. నోరు తెరవాల్సిన క్షణం అదే, అతను తెరవలేదు. లేచి, గది మూలనున్న మంచినీళ్ల కూజా దగ్గరికి వెళ్లి గ్లాసు నింపుకున్నాడు. మృణాళిని ఫోను డయల్ చేస్తోంది. మునిరాజు మెట్లవైపు నడిచాడు. చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు, అంతా మునిరాజు మీదికే పోతుంది. ఫారం మీది సంతకాన్ని ఎవరూ తవ్వరు. యంత్రానికి దెబ్బ తగిలి అన్నీ చెరిగిపోయాయంటే కాదనేవాడు ఆ ఆఫీసులో లేడు. ఈ లెక్క అతని బుర్రలో పూర్తయింది కూడా. ఆ లెక్క అంత చక్కగా కుదరడం చూసి అతనికి భయం వేసింది. నెల రోజులుగా వేసిన భయం వేరు, ఇది వేరు. ఇన్నాళ్లూ ఏదో జరుగుతుందని భయపడ్డాడు. ఇప్పుడు తనను చూసి తనే భయపడ్డాడు.

గ్లాసు పెట్టేశాడు. నీళ్లు తాగలేదు.

"మేడమ్, ఆ ఫోను పెట్టేయండి."

మృణాళిని తలెత్తింది.

"మెషీను చావలేదు. దానికేమీ కాలేదు. నేను సేవ్ చెయ్యలేదు." కోటిలింగం మెషీను పక్కకి వచ్చి నిలబడ్డాడు. "పాస్‌వర్డు తప్పు కొట్టినాను. లోపలికి పోలేకపోయినాను. ఫారంలో సేవ్ చేసినానని సంతకం పెట్టినాను, అది అబద్ధం. నెల దినాలుగా కరెంటు పోకుండా కాచుకోని కూర్చున్నాను. వాడు నిలపకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఇది జరిగేదే. మునిరాజును పిలవండి మేడమ్, వాడిది తప్పు లేదు."

రిసీవరు ఆమె చేతిలోనే ఉంది. లోపల్నుంచి కాంట్రాక్టరు హలో హలో అంటున్నాడు. రిసీవరు పెట్టేసింది.

"ఆ రోజే నాకు చెప్పుంటే?"

"భయమేసింది మేడమ్."

"నేనంటేనా?"

ఆమె మళ్లీ రిసీవరు ఎత్తి, ఈసారి శరత్‌చంద్రకు ఫోను చేసింది. సంగతంతా విని శరత్‌చంద్ర తేలిగ్గా అన్న మాట గది అంతా వినిపించింది: "అదేంటండీ, నా దగ్గర ఫ్లాపీలో ఉంది కదండీ! ఎక్కడ పని చేసినా కాపీ ఒకటి ఉంచుకుంటాను. ఆటో ఎక్కి గంటలో వచ్చేస్తాను."

ఫ్లాపీ. టి. నగర్‌లో, ఆ కుర్రాడి సొరుగులో, నెల రోజులుగా. కోటిలింగం గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. కిందకి వెళ్లి మునిరాజును తీసుకొచ్చిన అలమేలు, కోటిలింగాన్ని అలా చూసి కళ్లు తిరిగాయనుకుని విసనకర్ర తెచ్చింది.

శరత్‌చంద్ర వచ్చాడు. ఫ్లాపీలోని వరసలు రౌటరులోకి ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మనలి దీపం వెలిగింది. అవతల గేట్ పాసులు అచ్చవుతున్నాయని ఫోను వచ్చింది. శరత్‌చంద్ర లేచి కుర్చీ కోటిలింగానికి ఇచ్చాడు. "కొత్త పాస్‌వర్డు మీరే పెట్టండి, సేవ్ కూడా మీరే కొట్టండి."

ఈసారి తలుపువైపు చూడకుండా, అందరి ముందూ, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ పాస్‌వర్డు కొట్టాడు. సేవ్ కొట్టాడు. మెషీను ఒక్క క్షణం ఆలోచించి, ఓకే అంది.

"అయింది మేడమ్. ఫారం ఇయ్యండి, సంతకం పెడతాను."

"సంతకం పోయినసారి గూడా చూసినాను," అంది మృణాళిని. "ఈసారి వద్దు. ఆపి చూపించండి."

సేవ్ అయిందని రుజువు చెయ్యడానికి వేరే దారి లేదని కోటిలింగానికి తెలుసు, ట్రైనింగులో నేర్పిన పద్ధతే అది. అలవాటు కొద్దీ మునిరాజు వైపు చూశాడు. మునిరాజు రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. "నేను ముట్టను సార్."

మెషీను వెనక స్విచ్చు ఉంది. కోటిలింగం దాని మీద వేలు పెట్టాడు. ఇరవై తొమ్మిది రోజులు ఈ స్విచ్చును ప్రాణంలా కాచాడు. ఓకే అని కనిపించింది నిజమేనా? సరిగా చూశానా? గేటు దగ్గర ఇంకా తొమ్మిది లారీలున్నాయే? మగ్గం గుంట మీది చెక్కలు గుర్తొచ్చాయి. ఒక్కసారీ వాటి మీద నడవలేదు, అవి విరుగుతాయో లేదో చివరిదాకా తెలియనేలేదు.

స్విచ్చు నొక్కాడు.

లోపలి ఫ్యాను చప్పుడు సన్నబడి ఆగిపోయింది. దీపాలన్నీ ఆరిపోయాయి. పది లెక్కపెట్టి మళ్లీ వేశాడు. ఈ మెషీను నిద్రలేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ కోటిలింగం ఊపిరి అందరికీ వినిపించింది. తెర మీద అక్షరాలు వరసగా దిగాయి. మనలిని అయిదుసార్లు పిలిచి చూశాడు. జవాబు వస్తే ఒక్కో జవాబుకీ ఒక్కో ఆశ్చర్యార్థకం పడుతుంది. ఒకటి పడింది. రెండు, మూడు, నాలుగు, అయిదు.

అతను రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. మృణాళిని కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడింది.

అబద్ధపు సంతకానికి ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపుతూ సోమవారం అతనికి మెమో వచ్చింది. విరమణ జాబితాలో పేరు ఉంటుందో ఉండదో మేడమ్ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఆ మెమో తీసుకెళ్లి కస్తూరికి తనే చదివి వినిపించాడు. అంతా విని ఆమె అడిగింది ఒక్కటే: "మునిరాజు ఉండాడా?"

ఉన్నాడు. ఆ శనివారమే బల్ల మీది తాళాలగుత్తి కోటిలింగం తీసి, తన చేత్తో అతని చేతిలో పెట్టాడు. మునిరాజు అది నడుముకి కట్టుకుంటూ మెషీను కేసి చూశాడు. చామంతి కింద పడిపోయింది గానీ బొట్టు అలాగే ఉంది.

"ఇంతేనా సార్? దీనికా నెల దినాలు అన్నం మానేసినారు?"

"ఇంతే."

"వచ్చే యేడు దీనికి పూజ చెయ్యచ్చా సార్?"

"చెయ్యి," అన్నాడు కోటిలింగం. "నేనే నిలిపి ఇస్తాను."